ఆట ఉచితం, ఎదురుచూపే సరుకు

మొబైల్ ఆటకు జనం డబ్బులెందుకు పెడతారు అని అడిగితే, బాగుంటే పెడతారు అన్నది ఎవరికైనా మొదట తట్టే జవాబు. నింటెండో అనుభవం ఆ జవాబును నిలబడనివ్వదు. 2016 డిసెంబరులో ఆ జపాన్ కంపెనీ ‘సూపర్ మారియో రన్’ను ఐఫోన్లకు తెచ్చింది. మొదటి కొన్ని అంచెలు ఉచితం, మిగతా ఆట మొత్తానికి ఒకేసారి దాదాపు 10 డాలర్లు. ఆ తర్వాత అడిగేదేమీ లేదు. లోకమంతా ఎరిగిన పాత్ర, దాపరికం లేని బేరం. అయినా కోట్ల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారే తప్ప, కొన్నవాళ్లు కంపెనీ ఆశించినంత మంది లేరు. రెండు నెలలకు అదే కంపెనీ ‘ఫైర్ ఎంబ్లమ్ హీరోస్’ విడుదల చేసింది. మారియోతో పోలిస్తే ఈ పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఇందులో ఆట ఉచితమే కానీ యోధులు లాటరీ పద్ధతిలో దక్కుతారు. ఇంకోసారి, మరోసారి తీయాలనిపిస్తే డబ్బు కట్టాలి. డౌన్‌లోడ్లు మారియోలో పదో వంతుకు చేరకపోయినా రాబడి మాత్రం దాన్ని మించిందని 2017 ఏప్రిల్‌లో కంపెనీయే మదుపరులకు చెప్పింది. అంటే డబ్బు రాబట్టింది ఆట గొప్పతనం కాదు, డబ్బు ఎప్పుడు అడగాలో తెలిసిన అమరిక.

ధర ఎంత అన్నదానికన్నా, ధర అంటూ ఉందా లేదా అన్నదే కొనేవాడి మనసును ముందు తాకుతుంది. షాంపానియర్, మజర్, ఏరియలీ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా పట్టుకుంది. మేలిరకం చాక్లెట్ 15 సెంట్లు, మామూలుది 1 సెంటు అన్నప్పుడు 73 శాతం మంది మేలిరకమే తీసుకున్నారు. రెండిటి ధరా ఒక్కో సెంటు తగ్గించి మామూలుదాన్ని ఉచితం చేయగానే 69 శాతం మంది అటు తిరిగారు. తేడా మారలేదు, సున్నా వచ్చింది, అంతే. అందుకే ధర కట్టిన ఆట గుమ్మం దగ్గరే ఓడిపోతుంది. 2009 అక్టోబరులో ఉచిత యాప్‌లలోనూ అమ్మకాలకు ఆపిల్ అనుమతించాక, డబ్బు అడిగే చోటు గుమ్మం నుంచి లోపలికి జరిగింది. ‘క్యాండీ క్రష్’లో ఐదు ప్రాణాలు పోతే ఒక్కొక్కటి తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో కొన్ని నిర్మాణాలకు రోజులు పడుతుంది, రత్నాలు ఖర్చు చేస్తే వెంటనే పూర్తవుతాయి. ఈ జాప్యం ఎక్కడినుంచో వచ్చిపడింది కాదు, తయారీదారు పెట్టింది. వారాల తరబడి ఆడినవాడు అక్కడ కొనేది ఆటను కాదు, అడ్డు తొలగింపును. పైగా రూపాయలు రత్నాలుగా, బంగారు కడ్డీలుగా మారాక ఎంత పోతోందో లెక్క అందదు.

అన్ని కొనుగోళ్లనూ ఒకే గాటన కట్టలేం. ‘బీజీఎంఐ’ అనే కాల్పుల ఆటలో నలుగురు జట్టుగా దిగినప్పుడు, ఒకడు మాత్రం ఆట ఇచ్చిన మామూలు బట్టల్లో ఉంటే వాడికి కొత్త వేషం కావాలనిపిస్తుంది. అది గురి పెంచదు, గెలిపించదు. స్నేహితుల మధ్య తలెత్తుకు నిలబడాలన్న కోరిక అది. పండక్కి కొత్త బట్టలు కొనుక్కోవడం లాంటి ఈ ఖర్చులో నాకు తప్పు కనిపించదు. కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుసు, కొనకపోయినా ఆట ఆగదు.

ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు, కొద్దిమంది కడితేనే కదా మిగతావాళ్లు ఉచితంగా ఆడేది, అంటారు పరిశ్రమవాళ్లు. ఈ మాటలో బలముంది. చేతిలో చవక ఫోన్ తప్ప మరేమీ లేని పిల్లాడికి కూడా ప్రపంచ స్థాయి ఆట అందుతున్నది ఈ పద్ధతివల్లే. కానీ ఆ కొద్దిమంది డబ్బున్నవాళ్లే అనుకోవడానికి ఆధారమేమిటి? ఆపుకోలేనివాళ్లూ, పెద్దల ఫోన్ పట్టుకున్న పిల్లలూ వాళ్లలో ఉంటారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలు చేసిన కొనుగోళ్లకు కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఆపిల్ 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 2025లో ఆన్‌లైన్ ఆటల చట్టం వచ్చింది కదా అనవచ్చు. దాని గురి పందెం కాసి డబ్బు గెలవాలని ఆడే ఆటల మీద. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో రమ్మీ లాంటివాటిని నిషేధించిందీ ఆ దృష్టితోనే. గెలిచినా చేతికి రూపాయి రాని ఖర్చు ఈ చూపుకు అందదు. వినియోగదారులను మభ్యపెట్టే డిజైన్లపై 2023లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలే దీనికి దగ్గరగా ఉన్నాయి. వాటిని ఆటలకు గట్టిగా వర్తింపజేయాలి. ప్రతి రత్నం పక్కన దాని ఖరీదు రూపాయల్లో కనిపించాలి. మైనర్ల పరిమితిని కంపెనీకి వదిలేయకూడదు. 2021లో బీజీఎంఐ వచ్చినప్పుడు 18 ఏళ్లలోపువారికి పెట్టిన హద్దు రోజుకు 7,000 రూపాయలు, అంటే నెలకు రెండు లక్షల పైమాటే. ఆ అంకెను నెలవారీగా, ఇంటి ఆదాయం తెలిసిన తల్లిదండ్రులే నిర్ణయించాలి. వాళ్లు నిర్ణయించేదాకా అది సున్నాగానే ఉండాలి.