రాజీనామా రాసినవాళ్లు

"నియోజకవర్గ అభివృద్ధి కోసమే పార్టీ మారాను." ఈ వారం టీవీలో ఒక ఎమ్మెల్యే నోట మళ్లీ ఈ మాట విన్నాను. మనిషి మారాడు గానీ మాట అదే. ఎదురుగా కూర్చున్న విలేకరి తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. ఆ ఎమ్మెల్యే మాట కన్నా ఆ తలూపడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. ఇందులో అడగాల్సింది ఏమీ లేదని మనమంతా ఒప్పేసుకున్నామన్నమాట.

లెక్క చూడండి. 2016లో తెలంగాణ టీడీపీ ఎమ్మెల్యేలు 15 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో కలిసిపోయారు. 2019లో సభలో ఉన్న 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మందిదీ అదే దారి. ఈ 24 మందిలో ఒక్కరంటే ఒక్కరు తమ సభ గడువు తీరేలోగా రాజీనామా చేసి ఓటరు ముందు మళ్లీ నిలబడలేదు. 2024లో గాలి తిరిగింది, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న అదే టీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు నడిచారు. వాళ్ల సంగతి తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టాన్ని 2003లో బిగించారు, మూడింట రెండొంతుల విలీనం అనే తలుపు మాత్రం తెరిచే ఉంచారు. ఒంటరిగా దూకితే వేటు పడుతుంది, మందతో దూకితే విలీనమవుతుంది. 2021లో హుజూరాబాద్‌లో, 2022లో మునుగోడులో పదవి వదులుకుని ఉప ఎన్నికకు వెళ్లినవారున్నారు. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. వాళ్ల రాజకీయం నాకు నచ్చకపోయినా, ఓటరు దగ్గరికి తిరిగి వెళ్లిన ఆ ఒక్క పనికి నమస్కరిస్తాను.

ఎదగాలనుకోవడం తప్పని నేననను. పదవి కోరుకోని మనిషి రాజకీయాల్లోకి ఎందుకొస్తాడు? నా పేచీ అంతా ఆ కోరికకు జనం పేరు తగిలించడంతోనే. నాకు మంత్రి పదవి కావాలి అని ఎవరైనా నేరుగా చెబితే, ఆ మనిషితో వాదించడానికి కనీసం చోటుంటుంది.

రాజీనామా అంటే ఏమిటో ఈ హైదరాబాద్ నగరానికి ఒకప్పుడు బాగా తెలుసు. పాతబస్తీలో, మూసీ ఒడ్డున, హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంది. కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ ఉర్దూ పాఠం చెప్పేవాడు. మెదక్ జిల్లా అందోలు నుంచి వచ్చి, కష్టపడి చదివి సంపాదించుకున్న ఉద్యోగం. నిజాం కాలంలో కాలేజీ లెక్చరర్ కొలువంటే జీవితానికి భరోసా. 1940ల మొదట్లో ఆ కొలువు వదిలేసి కమ్యూనిస్టు పార్టీ పనిలోకి, ఆ దారిలో అజ్ఞాతవాసాలకీ జైళ్లకీ వెళ్లాడు.

ఫరీద్ మీర్జా పేరు మన తెలుగు పాఠకుల్లో ఎంతమంది విన్నారు? నాందేడ్ జిల్లాలో నిజాం రెవెన్యూ అధికారి. నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దౌర్జన్యాలు కళ్లారా చూశాడు. కళ్లు మూసుకుంటే ప్రమోషన్లు వచ్చేవి. ఆయన ఉద్యోగానికి రాజీనామా చేశాడు. అక్కడితో ఆగలేదు. 1948 ఆగస్టులో బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ తదితరులతో కలిసి, మొత్తం ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. రజాకార్లను ఆపండి, భారత యూనియన్‌లో చేరండి అన్నది దాని సారాంశం. ఆ రోజుల్లో ఆ సంతకానికి ప్రాణమే ధర కావచ్చు.

ఆ ప్రకటనకు తన ఉర్దూ దినపత్రిక ఇమ్రోజ్‌లో చోటిచ్చిన షోయబుల్లా ఖాన్ ఆ ధర చెల్లించాడు. ఉస్మానియా పట్టభద్రుడు, సర్కారు కొలువుకు అన్ని అర్హతలూ ఉన్నవాడు. ముందు తేజ్ పత్రికలో, తర్వాత మందుముల నరసింగరావు రయ్యత్‌లో పనిచేశాడు. అవి మూతపడితే 1947 నవంబరులో సొంతంగా ఇమ్రోజ్ మొదలుపెట్టాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక పని ముగించుకుని కాచిగూడలో ఇంటికి నడిచి వస్తుంటే కాల్చి, రాసే చేతిని నరికారు. అప్పటికి ఇరవై ఏడేళ్లవాడు. మరో ఇరవై ఆరు రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. ఆ నెల రోజులూ కలం కాస్త పక్కన పెట్టి ఉంటే, కొత్త ప్రభుత్వం అతన్ని ఏ కుర్చీలోనైనా కూర్చోబెట్టేది. అలా ఆగి చూసినవాళ్లు కుప్పలుగా ఉన్నారు. నిన్నటి దాకా నిజాంకు సలాం కొట్టిన దొరలు భారత సైన్యం 'పోలీసు చర్య' కాగానే ఖద్దరు టోపీలు పెట్టుకుని గడీల్లోకి తిరిగొచ్చారు. మన పార్టీ మార్పిడులకు తాతలు వాళ్లే.

ఇంత చరిత్ర పక్కనుంటే మన తెలుగు పత్రికలు పాతబస్తీని ఎప్పుడు తలుస్తాయి? రంజాన్‌లో హలీం కోసం, బోనాలప్పుడు లాల్ దర్వాజ కోసం, కర్ఫ్యూ పెడితే కర్ఫ్యూ కోసం. మూసీ దాటితే తెలుగు ఆగిపోతుందన్నట్టు రాస్తాం. అక్కడి ఉర్దూ పత్రికల పాత సంచికలు చదవగలిగిన జర్నలిస్టులు తెలుగు న్యూస్‌రూముల్లో ఎందరున్నారు? ఈ మాట నేను ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తాను. పక్కవీధి వాళ్ల లిపి నేర్చుకోకుండా ఈ నగరానికి చరిత్రకారులమని చెప్పుకోవడం మనకు తగదు.

సెప్టెంబరు 17 దగ్గర పడుతోంది. ఆ రోజు విమోచనమా, విలీనమా, సమైక్యతా అని మళ్లీ వేదికలు లేస్తాయి. షోయబుల్లా ఖాన్ బొమ్మకు దండ పడుతుంది, అది పడాల్సిందే. కానీ అదే వేదిక మీద ఫరీద్ మీర్జా పేరు ఎత్తరు. ఎందుకంటే ఆయన పోలీసు చర్యకు ముందు రజాకార్లు చేసిందే కాదు, తర్వాత మరఠ్వాడా జిల్లాల్లో ముస్లింల మీద జరిగిందీ రాశాడు. పండిత్ సుందర్‌లాల్, ఒకప్పటి ఉర్దూ పత్రిక పయాం సంపాదకుడు ఖాజీ అబ్దుల్ గఫార్ 1948 చివర్లో కేంద్రం కోరిక మీద హైదరాబాద్ రాష్ట్ర జిల్లాలు తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటకు రానివ్వలేదు. ఓడిన పక్షం చేసిన హింసను ఖండించడానికి ఈ రోజు ఎవరి ఉద్యోగమూ పోదు. మీర్జా రెండూ చెప్పాడు. ఈసారి దండ వేయడానికి వచ్చే నాయకులెవరైనా ఆ ఏడుగురి ప్రకటనను, సుందర్‌లాల్ నివేదికను ఒకే వేదిక మీద, తెలుగులో, మొదటి నుంచి చివరి దాకా చదివించాలని అడుగుతున్నాను.