ఆస్కార్ జాబితాను కింది నుంచి చూడండి

ఆస్కార్ నామినేషన్లు రాగానే అందరి కళ్లూ ఉత్తమ చిత్రం విభాగంలోని 10 సినిమాల మీదే. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ అవార్డుల రోజులోగా అన్నీ చూడటం నావల్ల కాదు. అందుకే జాబితాను కింది నుంచి మొదలుపెడతాను: షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు, యానిమేషన్, విదేశీ చిత్రాలు.

2025లో పోటీపడ్డ ‘ద బ్రూటలిస్ట్’ మూడున్నర గంటల సినిమా. మధ్యలో 15 నిమిషాల ఇంటర్వెల్. దాన్ని ఆదివారానికి వాయిదా వేసి, ముందు లాత్వియా సినిమా ‘ఫ్లో’ పెట్టాను. గంటన్నర కూడా లేదు, ఒక్క డైలాగూ లేదు. వరదకు భయపడి పడవెక్కిన పిల్లి, అందులో ముందే ఉన్న కాపిబరాను అనుమానంగా చూస్తుంటే, సబ్‌టైటిళ్లు చదవలేని మా అమ్మ కూడా కదలకుండా కూర్చుంది. యానిమేషన్ ఆస్కార్ దానికే దక్కింది.

2023లో ‘నాటు నాటు’ గెలిచిన వేదిక మీదే ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ కూడా గెలిచింది. ముదుమలై అడవిలో తీసిన 40 నిమిషాల చిత్రం. మనలో ఎంతమంది చూశాం?

98వ ఆస్కార్ నుంచి, ఒక విభాగంలో తుది ఓటు వేయాలంటే అందులోని సినిమాలన్నీ చూసి తీరాలని అకాడమీ తన సభ్యులకు షరతు పెట్టింది. మనకా బాధ లేదు. పేరున్నవి ఎలాగూ చెవిన పడతాయి. ఈసారి ముందుగా ఎవరూ చెప్పని సినిమా ఒకటి చూడండి.