మొహల్లా పంపు

కొయ్య ఇళ్లు, ఇరుకు గల్లీలు. ఒకప్పటి ఇస్తాంబుల్‌లో నిప్పంటుకుంటే మొహల్లాలే బూడిదయ్యేవి. ఇస్లాం స్వీకరించిన దావూద్ అనే ఫ్రెంచివాడు 1720లో అక్కడ నీటిపంపుల దళం ఏర్పరిచాడు. జానిసరీ సైన్యంలో భాగమైన ఆ దళం 1826లో సైన్యంతోపాటే రద్దయింది. క్రమంగా ఆ భారం మొహల్లా కుర్రాళ్ల మీద పడింది. పంపును భుజాలకెత్తుకుని పరుగెత్తే వీరిని తులుంబాజీలు అనేవారు. వారి తెగువను మనం మెచ్చుకోవలసిందే. కాని ఎవరి పంపు ముందు చేరాలన్న పందెం కొట్లాటలకు దిగింది. ఇల్లు కాలుతుంటే పౌరుషమా! 1874లో హంగరీవాడైన సెచెనీ కొత్త అగ్నిమాపక దళాన్ని తీర్చిదిద్దినా మొహల్లా పంపులు వెంటనే మూలపడలేదు.

మన గల్లీలు కొన్నింటిలోనూ ఫైరింజను దూరదు. మన కుర్రాళ్లూ పరుగెత్తుకొస్తారు, సందేహం లేదు. బకెట్లు ఎక్కడున్నాయో, ముసలివాళ్లను ఎవరు బయటికి తేవాలో ముందే అనుకున్నామా?