పెట్టెలో డబ్బు తగ్గితే నష్టమేనా?

మీ అమ్మాయి ఇంటర్‌లో కామర్స్ తీసుకుందా? లాభనష్టాల ఖాతా అర్థం కావడం లేదని తల పట్టుకుని కూర్చుంటోందా? పుస్తకం కాసేపు పక్కన పెట్టించి, వంటింట్లోకి పిలవండి. ఈ లెక్క మనకు తెలిసిందే!

రావికమతంలో ఒక చెల్లెమ్మ అరిసెలు, జంతికలు చేసి అమ్ముతోందనుకుందాం. (మునుపు విశాఖ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అనకాపల్లి బెల్లం దగ్గర్లోనే దొరుకుతుంది కదా, అరిసెలకు లోటేముంది!) డ్వాక్రా సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి 10,000 అప్పు తీసుకుంది. అందులో 6,000 పెట్టి పెద్ద పొయ్యి, మూకుళ్లు, తూకం మిషను కొంది. మిగిలిన 4,000 పెట్టెలో వేసింది.

ఆ నెల సరుకులకు 6,000, గ్యాసుకు, కవర్లకు, ఆటోకు 1,500, వడ్డీకి 100 అయ్యాయి. అమ్మకం 10,000. కానీ చేతికొచ్చింది 7,000. మిగతా 3,000 అరువు. నెలాఖరున పెట్టె తీస్తే 3,400 ఉంది. “అయ్యో, ఆరువందలు నష్టం! ఇక మానేస్తాను” అంది.

తొందరపడకమ్మా! ఇలా వేసి చూడు.

అమ్మకం 10,000. కొన్న సరుకులో 800 రూపాయల బెల్లం, నూనె ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి. దీన్నే పుస్తకంలో ముగింపు సరుకు అంటారు. కాబట్టి వాడింది 5,200. స్థూల లాభం 4,800. అందులో ఖర్చులు 1,500, వడ్డీ 100 తీసేయండి. పొయ్యి, సామాను అయిదేళ్లు వస్తాయనుకుంటే నెలకు అరుగుదల 100. అదే తరుగుదల. నికర లాభం 3,100!

మరి డబ్బేదీ? ఊళ్లోవాళ్ల దగ్గర 3,000, డబ్బాల్లో 800 ఉన్నాయి. అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ అరువు వసూలు కాకపోతే నెలంతా పొయ్యి దగ్గర మాడినందుకు మిగిలేది వంద రూపాయలే! “వదినగారే కదా, రేపిస్తుంది” అని మొహమాటపడకండి. పేరు, తేదీ, మొత్తం ఆ పూటే రాసుకోండి. పాత బాకీ తీరాకే కొత్త పొట్లం!

ఇంకో మాట. పెట్టెలోంచి పిల్లాడి ఫీజుకు తీసినా, చుట్టాలకు కిలో అరిసెలు పెట్టినా అది వ్యాపార ఖర్చు కాదు, సొంతవాడకాలు. విడిగా రాయండి.

చివరగా మన కష్టం. ఇది ఆ ఖాతాలో కనిపించదు. 3,100ను 25 రోజులకు పంచితే రోజుకు 124 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. రోజుకు రెండు, మూడు గంటల పనైతే సరే. పొద్దస్తమానం చేస్తుంటే మాత్రం ధర కాస్త పెంచాల్సిందే. “ఇంట్లో ఖాళీగా ఉన్నదేగా” అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

ఈ ఆదివారం అమ్మాయి చేత మీ ఇంటి లెక్క వేయించండి. తనకు పాఠం వస్తుంది, మీకు లాభమెంతో తెలుస్తుంది!