వేలిముద్ర దొంగలు – బ్యాంకుల బాధ్యత

దివిసీమ చివర కాలువల మీద బతికే కోడూరు మండలపు రైతుకు సార్వా ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డాక కూడా నిశ్చింత లేకుండా పోతున్నది. ఎరువుల కొట్టు బాకీ కడదామని బ్యాంకుకు పోతే ఖాతాలో పదివేలు తక్కువ! ఎవరు తీశారయ్యా అంటే, ‘మీ వేలిముద్రే పడింది, మేమేం చేస్తాం?’ అని కౌంటరు లోపల్నుంచి జవాబు. ఓటీపీ అడిగినవాడు లేడు, ఫోను చేసినవాడూ లేడు. ఆధార్ చెల్లింపుల యంత్రానికి అవేమీ అక్కర్లేదు మరి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, ఒక వేలిముద్ర ఉంటే చాలు.

ఆ ముద్ర దొంగకెలా చిక్కింది? 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచే దస్తావేజుల నకళ్లు దించుకున్నది. వాటి మీది ముద్రలకు అచ్చులు పోసి డబ్బు లాగింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2018లో, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి దస్తావేజుల ముద్రలతోనే దొంగ సిమ్‌లు పుట్టించి దొరికాడు. ఆనాడే ప్రభుత్వాలు మేలుకోవలసింది. అన్నదమ్ములు పొలం పంచుకున్ననాడు సబ్ రిజిస్ట్రారు ముందు నమ్మకంతో వేసిన ముద్ర సర్కారు గూట్లోంచే దొంగ చేతికి పోతే, అందులో రైతు తప్పేమున్నది?

ఫోను మోసాలు వేరే. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయల కోసం దాన్ని నొక్కితే ఫోనే పరాధీనం. 1923లో మచిలీపట్నంలో పుట్టిన మన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇలా బోర్డులు, కోడులు మారే కాలంలో ‘మీ ఖాతా ఆగిపోతుంది’ అన్నవాడి మాట నమ్మబుద్ధి అవుతుంది. నమ్మినవాణ్ణి వెర్రివాడనడం మాకు సమ్మతం కాదు.

అయినా డబ్బు పోయినవారిలో చాలామంది నోరు విప్పరు. నలుగురూ నవ్వుతారని సిగ్గు, పోలీసు స్టేషనంటే భయం, బ్యాంకు మేనేజరు విసుక్కుంటాడని బెరుకు. దొంగకు కావలసిందీ ఇదే. కాజేసిన సొమ్ము గంటల్లో ఒక ఖాతానుంచి మరో ఖాతాకు దూకుతుంది. వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం ఉంటుంది. రేపు చూద్దాంలే అనుకుంటే ఏటీఎంలో గీసి పోతాడు. ఖాతా నంబరు, తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని చెప్పాలి. తర్వాత బ్యాంకులో కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఉత్త నోటిమాటతో తిరిగి రావద్దు.

ఎందుకంటే రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఒక ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకూ దాన్ని వర్తింపజేసింది. ఖాతాదారు తప్పు లేకుండా బయటివాడు డబ్బు కాజేస్తే, బ్యాంకునుంచి కబురు అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారిమీద ఒక్క పైసా నష్టం పడకూడదన్నది. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేసే భారం బ్యాంకుమీదే పెట్టింది. పొరపాటున తానే ఓటీపీ చెప్పినవాడు కూడా ఫిర్యాదు చేసిన క్షణం తర్వాత జరిగే నష్టానికి బాధ్యుడు కాడు. ఈ సంగతి ఏ శాఖ గోడమీదన్నా తెలుగులో కనపడుతుందా? అప్పు వాయిదా దాటితే ఇంటికి నోటీసు పంపడం తెలిసిన బ్యాంకులకు ఈ ఉత్తర్వు అంటించడం తెలియదా?

ఆధార్ కేంద్రంలోగాని ఫోన్లోగాని వేలిముద్రకు తాళం వేయించుకోవచ్చు. అయితే రేషను దుకాణంలో ముద్ర పడాలంటే మళ్లీ తీయాలి. చిల్లర సంపాదన మీద బతికే కూలీ మనిషికి ఇదో తిప్పలు. అందుకే భారమంతా జనం నెత్తిన పెట్టి ఊరుకోవడం కుదరదు. దస్తావేజు నకళ్లలో ఎక్కడా వేలిముద్ర, ఆధార్ నంబరు కనపడనివ్వకూడదు. ఖాతాదారు అడిగితేనే ఆధార్ యంత్రం ద్వారా డబ్బు తీసే వీలు ఇవ్వాలి. చదువురానివారి ఫిర్యాదును సిబ్బందే రాసిపెట్టాలి. ‘బందరు పోండి, ఇది మా పని కాదు’ అని స్టేషన్లలో తిప్పిపంపడం మానాలి. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా తీసుకోవలసిందే.

ధాన్యం డబ్బు పడే ఈ రోజుల్లోనే రైతు, కౌలు రైతు, వ్యవసాయ కార్మిక సంఘాల కార్యకర్తలు ఊరూరా కూర్చుని పాసుపుస్తకాలు తిరగేయించాలి. ఖాతాకు ఎవరి ఫోను నంబరు ఉన్నదో, అది ఇంకా పనిచేస్తున్నదో లేదో ముందుగా చూడండి. మూలబడ్డ నంబరుకు బ్యాంకు పంపిన కబురు ఎవరికీ అందదు. తెలియని కోత ఒక్కటి కనపడినా ఆ పూటే ఆ మనిషిని వెంటబెట్టుకుని బ్యాంకుకు నడవండి.