హిందీ కథాసాహిత్యం – కథన సంప్రదాయం

హిందీ నవలా చరిత్రను 1882లో వెలువడిన లాలా శ్రీనివాసదాసు 'పరీక్షాగురు'తో ప్రారంభించడం పరిపాటి. ఆచార్య రామచంద్ర శుక్ల తమ 'హిందీ సాహిత్య కా ఇతిహాస్'లో దీనిని ఆంగ్ల పద్ధతిలో వచ్చిన తొలి స్వతంత్ర నవలగా పేర్కొన్నారు. కాలక్రమంలో 'ఆంగ్ల పద్ధతి' అన్న విశేషణం జారిపోయి 'తొలి నవల' అన్న మాటయే తరచుగా వినవస్తున్నది. తత్ఫలితంగా కథ చెప్పే విద్యయే పడమటి నుండి వచ్చినదన్న అపోహ బలపడింది. దేశీయ కథనరీతులు నవలలో కనిపించినచోట అవి శిల్పదోషాలుగా లెక్కకు వస్తున్నాయి. ఈ తీర్పు పునర్విచారింపదగినది.

'పరీక్షాగురు'కు దాదాపు ఎనిమిది దశాబ్దాల ముందే ఇన్షా అల్లా ఖాన్ 'రానీ కేతకీ కీ కహానీ'ని వాడుక నుడికారంతో చెప్పాడు. 1800లో కలకత్తాలో నెలకొన్న ఫోర్ట్ విలియం కళాశాల పక్షాన 'సింహాసన్ బత్తీసీ', 'బైతాల్ పచ్చీసీ' వెలువడ్డాయి. అనంతరం దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత'లో దాస్తాన్‌ల మాయాదుర్గాలనూ, మారువేషాల అయ్యారులనూ నవలలోకి తెచ్చి అసంఖ్యాక పాఠకులను సంపాదించాడు.

ప్రేమ్‌చంద్ ఈ సంప్రదాయాన్ని నిరాకరించాడు గదా అన్న ఆక్షేపణ రావచ్చు. 1936లో లక్నో అభ్యుదయ రచయితల సభలో ఆయన అద్భుత కథల లోకాన్ని విమర్శించిన మాట వాస్తవమే. అయితే బాల్యంలో 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'ను ఆసక్తితో చదివినవాడూ ఆయనే. ఆయన త్యజించినది ఆ కథల వస్తువును. శ్రోతను ఎదుట కూర్చుండబెట్టుకొని చెబుతున్నట్లు సాగే కథన ధోరణిని కాదు.

ఫణీశ్వరనాథ్ రేణు 'తీసరీ కసమ్' కథ ఈ విషయంలో గొప్ప నిదర్శనం. బండివాడు హీరామన్ నౌటంకీ నటి హీరాబాయికి దారిలో మహువా ఘట్వారిన్ గాథ వినిపిస్తాడు. సవతితల్లి మహువాను ఒక వర్తకునికి అమ్మివేస్తుంది. పాశ్చాత్య కథానికా సూత్రాల ననుసరించి చూస్తే ఈ గాథ ప్రధానకథకు అడ్డుపడే ప్రక్షేపం. కాని వీడ్కోలు వేళ హీరాబాయి తన బ్రతుకును ఆ మహువా బ్రతుకుతోనే పోల్చి చెబుతుంది. ఉపకథను తొలగిస్తే ఆ వియోగానికి అర్థమే లేదు. కథలో కథను పొదిగే ఈ పద్ధతి బృహత్కథా పరంపరను ఎరిగినవారికి క్రొత్తది కాదు.

లోకగాథల మార్గం రేణుది కాగా, శాస్త్రమార్గం ఆచార్య హజారీప్రసాద్ ద్వివేదిది. 1946 నాటి 'బాణభట్ట్ కీ ఆత్మకథా'లో బాణుడే తన వృత్తాంతం చెప్పుకొంటాడు. నాయకుడు స్వీయచరిత్రను తానే చెప్పడం ఆఖ్యాయికా లక్షణమని భామహుడు నిర్దేశించాడు. కథాఖ్యాయికల భేదాన్ని దండి అంగీకరించలేదు. బాణుని గద్యకావ్యాల వలెనే ఈ నవల కూడా అసంపూర్ణంగా నిలిచిపోవడం యాదృచ్ఛికం కాదు. ఈ లక్షణచర్చ నెరుగని విమర్శకునికి ఈ నవలా నిర్మాణంలోని చమత్కారం సగమే అందుతుంది.

హిందీ నవలలన్నీ ప్రాచీన కథల రూపాంతరాలే అనడం మరొక అతివాదం. 'గోదాన్' (1936)లో రైతు ఋణభారాన్ని చిత్రించిన విధానం ఆధునిక నవలకే సాధ్యమైనది. ప్రతి రచననూ దాని పుట్టుకకు తగిన కొలతతో కొలవాలన్నదే ఇక్కడి ప్రతిపాదన.

ఈ కృషికి ప్రాచ్య కళాశాలల కన్న అనువైన చోటు అరుదు. భామహుడు, దండి పాఠ్యాంశాలుగా ఉన్నచోటనే కొరవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక' కూడా బోధనలో ఉన్నది. దాని ప్రక్కన 'సింహాసన్ బత్తీసీ'ని, ఆపై రేణు కథను ఉంచి చదివించితే ఒకే కథనవిద్య మూడు కాలాలలో పొందిన పరిణామం విద్యార్థికి ప్రత్యక్షమవుతుంది. అలంకారశాస్త్రాన్ని ప్రాచీన కావ్యాలకే పరిమితం చేసి, నవలను పరాయి సూత్రాలకు అప్పగించినంత కాలం ఆ శాస్త్రమూ నిర్జీవమే, ఆ విమర్శా అసమగ్రమే.