పెరటిచెట్టును దాచుకొను విద్యార్థులు

గత మాసమున ఒక స్వర్ణకారుడు ఇంటిని తనఖా పెట్టు పత్రము వ్రాయించుకొనుటకై న్యాయవాద వృత్తిలోనున్న మా యొద్దకు వచ్చెను. కుమారుని ఆభరణ రూపకల్పన విద్యకై ఇంగ్లండునకు పంపుటకు ఆయన నిశ్చయించుకొనెను. జీతమునకును, బసకును వలయు ధనము 28 దినములు వరుసగా బ్యాంకులో నిలువయున్నట్లు చూపిననే గాని వీసా రాదట! కుమారుడు సిద్ధపరచిన దరఖాస్తును మేము చదివితిమి. కంప్యూటరుపై గీచిన చక్కని బొమ్మలు అందు పెక్కు గలవు. కాని తండ్రి ప్రక్కను కూర్చుండి కమ్మచ్చున తీగ లాగినట్లు గాని, కుంపటిముందు టంకము వేయ నేర్చినట్లు గాని ఒక్క ముక్కయు లేదు. ఏలయని యడిగితిమి. అది మోటుపనిగా కనబడునని కన్సల్టెన్సీవారు వద్దనిరని బాలుడు తల వంచుకొని చెప్పెను. తండ్రి వినెను, మారు పలుకలేదు.

ఆ మౌనమే నేటి మా వ్యాసమునకు హేతువు.

విదేశవిద్య వలదని మేము చెప్పుట లేదు. విద్య యెచ్చట నున్నను గ్రహింపదగినదే. రత్నశాస్త్రము, లోహశాస్త్రము, నూతన యంత్రములు, ప్రపంచ విపణి పోకడలు మన యువకులు తప్పక నేర్వవలసినవే. మేము ఖండించునది ప్రయాణమును గాదు, సిగ్గును.

ఏ దేశమునకు పోగోరుచున్నామో ఆ దేశము తన శిల్పుల నెట్లు మన్నించుకొనెనో చూడుడు. లండను స్వర్ణకారుల సంఘమునకు 1327లో రాజశాసనము లభించెను. మనము నేడు నిత్యము పలుకు హాల్‌మార్క్ అను మాట ఆ సంఘపు భవనము పేరునుండి పుట్టినదే. బర్మింగ్‌హాములో 1773లో పార్లమెంటు చట్టముచే లోహపరీక్షాలయము వెలసెను. 1890లో అచ్చటి ఆభరణ పాఠశాల ఎక్కడనో రాజవీధిని గాక, కంసాలుల పనిశాలల నడుమనే స్థాపితమయ్యెను. నేడది విశ్వవిద్యాలయ భాగమై దేశదేశముల విద్యార్థులను ఆకర్షించుచున్నది. వారు కుంపటిని దాచలేదు. దానిచుట్టు విద్యాలయమును కట్టుకొనిరి.

మనమేమి చేసితిమి? 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారట్లకు మించిన మేలిమి నగలు చేయరాదనగా, ఎన్నియో స్వర్ణకార కుటుంబములు పొట్టకూటికై వీధిని పడెను. 1968 నాటి చట్టము 1990లో గాని రద్దు కాలేదు. 2021లో హాల్‌మార్క్ ముద్రను నిర్బంధము చేసితిమి. కొనుగోలుదారునకు అది మేలే. కాని ఆ ముద్రలలో ప్రమాణ సంస్థ చిహ్నము గలదు, మేలిమి గలదు, ఆరక్షరముల సంఖ్య గలదు. నగను చేసిన చేతి పేరునకు మాత్రము చోటు లేదు. ఇట్టి దేశమున ఆ బాలుడు తండ్రి వృత్తిని దాచెనన్న, ఆ సిగ్గు వానికి పుట్టుకతో వచ్చినది గాదు, మనము నేర్పినది.

సీమ విద్యాలయములు మన కుంపటిని గౌరవించునా యని కొందరడుగుదురు. ఆ విద్యాలయములే యేమి కోరుచున్నవో చదువుడు. పూర్తియైన బొమ్మ మాత్రమే చాలదు. ఆలోచన నడచిన త్రోవ, చేసిన ప్రయోగములు, చెడిన నమూనాలు సైతము చూపుమని యడుగుచున్నవి. ఇంగ్లండున 2026 ప్రవేశములనుండి దరఖాస్తుదారులకు వేయు మూడు ప్రశ్నలలో నొకటి, పాఠశాల వెలుపల ఏమి చేసి సిద్ధపడితివనుటయే! చేతిలో ప్రత్యక్షసాక్షి యుండగా వానిని దాచి, విన్నమాట చెప్పువానిని బోనెక్కించు వకీలును ఏమందుము? ఆ కన్సల్టెన్సీవారు పలికిన హితవు అట్టిదే.

హితవు చెప్పువారి లాభమును గూడ విచారింపవలెను. పెక్కు విదేశ విద్యాలయములు తాము చేర్చుకొన్న విద్యార్థిని బట్టి మధ్యవర్తులకు ప్రతిఫల మిచ్చును. ఇంగ్లండున స్వదేశ విద్యార్థి జీతమునకు 2025-26లో 9,535 పౌనుల హద్దు గలదు. పరదేశి జీతమునకు చట్టము విధించిన హద్దే లేదు. కావున మన యువకుడు యాచకుడు గాడు; మిక్కిలి వెలయిచ్చు కొనుగోలుదారుడు. వారమునకు ఎన్ని గంటలు పనిబల్లయొద్ద కూర్చుండనిత్తురు? లోహము ఖర్చెవరిది? చదువు ముగించినవారెచ్చట పనిచేయుచున్నారు? ఈ ప్రశ్నలకు ఉత్తరము రాకమునుపు ఇల్లు తనఖా పెట్టుట వివేకము గాదు.

పెరటిచెట్టు మందునకు పనికిరాదని మనవారి సామెత. కరీంనగరపు వెండితీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చిలకలపూడి నగలను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ పనిశాలల నడుమ బర్మింగ్‌హామునకు దీటగు పాఠశాలను కోరి సాధించుట పౌరుల విధి. అంతవరకు పోవువారు పోవుదురు గాక! తలయెత్తుకొని పోవుదురు గాక!

ఆనాడు మేము తనఖా పత్రమును వ్రాయలేదు. విద్యాలయమునకు పంపవలసిన ప్రశ్నలను వ్రాసి యిచ్చితిమి. దరఖాస్తును బాలుడే మా బల్లయొద్ద కూర్చుండి తిరిగి వ్రాసెను. దాని మొదటి వాక్యము: నేను స్వర్ణకారుని కుమారుడను.